కొన్నది మనదేనా? పాటలకూ పుస్తకాలకూ వేసిన తాళాలు

బజారులో పుస్తకం కొంటే అది మనది. చదివాక తమ్ముడికి ఇవ్వవచ్చు, గ్రంథాలయానికి ఇచ్చేయవచ్చు. ఇంటర్నెట్‌లో డబ్బు కట్టి దింపుకున్న పాటకు, పుస్తకానికి ఈ మాట అన్నివేళలా వర్తించదు. వాటిలో చాలావాటికి కంటికి కనిపించని తాళం ఉంటుంది. దాని పేరు డిజిటల్ రైట్స్ మేనేజ్‌మెంట్, పొట్టిగా డీఆర్‌ఎం.

అది పనిచేసే తీరు ఇది. పాటను రహస్య సంకేతాలుగా మార్చి అమ్ముతారు. విప్పే తాళంచెవి అమ్మినవారి అదుపులోనే ఉంటుంది. వారి కంప్యూటరు మన పరికరాన్ని గుర్తించి అనుమతి ఇస్తేనే పాట వినిపిస్తుంది. పరికరం మారితే మళ్లీ అనుమతి కావాలి.

మరి ఆ కంపెనీ వ్యాపారం మానుకుంటే? 2008లో మైక్రోసాఫ్ట్, తన ఎంఎస్‌ఎన్ మ్యూజిక్‌లో పాటలు కొన్నవారికి కొత్త కంప్యూటర్లలో అనుమతులు ఇక ఇవ్వబోమని చెప్పింది. నిరసనలు వచ్చాక గడువును 2011 చివరి వరకు పొడిగించింది. 2019లో అదే సంస్థ ఈ-పుస్తకాల దుకాణం మూసింది. డబ్బు వాపసు ఇచ్చింది కాని, కొన్న పుస్తకాలు పాఠకుల దగ్గర మిగలలేదు.

పాటల విషయం కొంత చక్కబడింది. 2007లో ఈఎంఐ సంస్థ పాటలు ఐట్యూన్స్‌లో తాళం లేకుండా అమ్మకానికి వచ్చాయి. అదే ఏడాది అమెజాన్ తాళం లేని ఎంపీ3ల దుకాణం తెరిచింది. 2009లో ఆపిల్ తన పాటలన్నిటికీ తాళం తీసేస్తున్నట్టు ప్రకటించింది. నెలనెలా చందా కట్టి వినే పద్ధతి మాత్రం వేరు. చందా ఆగితే పాటా ఆగుతుంది.

ఈ-పుస్తకాలకు తాళాలు ఇంకా చాలాచోట్ల ఉన్నాయి. యుద్ధ విమానాల చరిత్ర చదవాలనుకునే విద్యార్థినే తీసుకోండి. అందులో మన హైదరాబాదుకూ చోటుంది. మొదటి ప్రపంచయుద్ధంలో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ విరాళంతో బ్రిటిష్ 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్-9ఏ విమానాలు సమకూరాయి. అది హైదరాబాద్ స్క్వాడ్రన్‌గా పేరుపడింది. 1940లో బ్రిటన్ గగనతల యుద్ధంలో స్పిట్‌ఫైర్లతో పోరాడిన 152వ స్క్వాడ్రన్‌కూ, హరికేన్లతో పోరాడిన 253వ స్క్వాడ్రన్‌కూ హైదరాబాద్ పేరే ఉంది. 152వ స్క్వాడ్రన్ చిహ్నంలో నిజాం తలపాగా కనిపిస్తుంది.

ఈ చరిత్ర ఒకరి ఖాతాలో తాళం పడిన ఈ-పుస్తకంలో ఉంటే పక్క విద్యార్థికి అందదు. అచ్చు పుస్తకమైతే చేతులు మారుతుంది. కాపీరైటు గడువు తీరిన పాత పుస్తకాలు తాళం లేకుండా ఉచితంగానే దొరుకుతాయి. 1922లో వచ్చిన వాల్టర్ రాలీ ‘ది వార్ ఇన్ ది ఎయిర్’ మొదటి సంపుటం అలాంటిదే.

ఒక హెచ్చరిక. తాళం లేదంటే హక్కుదారు లేడని కాదు. మన చట్టం ప్రకారం రచయిత మరణించాక 60 ఏళ్లపాటు కాపీరైటు ఉంటుంది. తాళం లేని పాటను కొని ఊరంతా పంచితే, పాడినవారి కూలి ఎగ్గొట్టినట్టే.

కాబట్టి బడికో గ్రంథాలయానికో డిజిటల్ పుస్తకాలు, పాటలు కొనిచ్చే దాతలు చెల్లించే ముందు నాలుగు ప్రశ్నలు వేయాలి. వేరే పరికరంలో తెరుచుకుంటుందా? ఇంటర్నెట్ లేకున్నా పనిచేస్తుందా? దుకాణం మూతపడితే మిగులుతుందా? పదిమంది వాడుకోవడానికి అనుమతి ఉందా? నాలుగింటికీ అవునని జవాబు వస్తే, ఇచ్చిన రూపాయి ఏళ్ల తరబడి పిల్లలకు పనికొస్తుంది.