రెండు తుపాకులు... ఒకటే తూటా!

తుపాకీ సంపాదించడం ఒక ఎత్తు. దానికి తూటాలు సమకూర్చుకోవడం మరో ఎత్తు. నూరేళ్ల కిందట మన్యంలో అల్లూరి సీతారామరాజు దళానికి ఎదురైందీ, అంతకు ముందే అమెరికా పశువుల కాపరులకు ఎదురైందీ ఒకటే చిక్కు. వాళ్లు దానికి కనిపెట్టిన ఉపాయం రివాల్వర్ తూటాను పేల్చే రైఫిల్. అందులోనూ ఓ వింత రకం... పంపు రైఫిల్!

1922 ఆగస్టు 22. చింతపల్లి పోలీస్ స్టేషన్‌. ఆ మర్నాడు కృష్ణదేవిపేట. ఆ పైరోజు రాజవొమ్మంగి. వరసగా మూడు రోజులు, మూడు స్టేషన్లు. సీతారామరాజు దళం దోచింది డబ్బు కాదు, నగలు కాదు... ఆయుధాలు. ఏమేం తీసుకెళ్తున్నదీ స్టేషన్ రికార్డులో రాసి, రాజు సంతకం కూడా పెట్టాడని మన్యంలో ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు.

ఆ మూడు దాడుల్లో దొరికినవి 26 కార్బైన్లు, 2500కు పైగా తూటాలు. కార్బైన్ అంటే పొట్టి రైఫిల్. వినడానికి పెద్ద లెక్కే. కానీ ఒక్కసారి భాగహారం చేసి చూడండి. తుపాకీకి వంద తూటాలు కూడా రావు! ఆ వందతో బ్రిటిష్ సర్కారుని ఎన్నాళ్లు నిలవరించాలి? ఆ పోరాటం 1924 మే దాకా, అంటే దాదాపు ఇరవై నెలలు సాగింది. నెలకు అయిదు తూటాలన్నమాట.

నాటు తుపాకీకి లేని బెంగ

కొండల్లో అంతకు ముందూ తుపాకులున్నాయి. వేటకు వాడే నాటు తుపాకులు. గొట్టం మూతిలోంచి మందు పోసి, గుండు వేసి, కూరి పేల్చేవి. ఒక్క గుండు పేల్చాక మళ్లీ నింపడానికి బోలెడు సమయం పడుతుంది. అయినా వాటితో ఓ సుఖం ఉంది. మందు, సీసం దొరికితే చాలు, గుండు ఇంట్లోనే పోసుకోవచ్చు. ఏ కంపెనీ మీదా ఆధారపడక్కర్లేదు.

పోలీసు కార్బైన్ అలా కాదు. ఇత్తడి గొట్టం, దాని అడుగున మంట పుట్టించే చిన్న మూత, లోపల మందు, కొసన గుండు... అన్నీ కలిసిన తూటా కావాలి. అది కార్ఖానాలో తయారవ్వాల్సిందే. కొలతలో వెంట్రుకవాసి తేడా వచ్చినా గదిలో ఇమడదు. అయిపోతే తుపాకీ బరువైన కర్రతో సమానం.

కోనసీమ రైతు ఆయిల్ ఇంజిను కొనేముందు ‘స్పేర్ పార్టులు రావులపాలెంలో దొరుకుతాయా?’ అని అడుగుతాడు చూడండి... తుపాకీ విషయంలోనూ మొదటి ప్రశ్న అదే. ఇది ఏం తింటుంది? ఆ తిండి ఎక్కడ దొరుకుతుంది?

ఒకే బెల్టు

అమెరికా పశ్చిమ మైదానాల్లో ఈ ప్రశ్నకు 1870ల్లోనే జవాబు దొరికింది. నడుముకు రివాల్వర్, గుర్రానికి రైఫిల్. రెండింటికీ వేర్వేరు తూటాలైతే రెండు సంచులు మోయాలి. కంగారులో ఒకదాని తూటా మరోదానిలో కూరితే ఇక అంతే! 1873లో వించెస్టర్ కంపెనీ 44-40 తూటాతో ఓ రైఫిల్ తెచ్చింది. పేరులో మొదటి అంకె గుండు వెడల్పును సూచిస్తుంది, అంగుళంలో నూరో వంతుల లెక్కన. రెండోది నల్లమందు తూకం, 40 గ్రెయిన్లు. మన లెక్కలో రెండున్నర గ్రాముల పైచిలుకు. 1878లో కోల్ట్ కంపెనీ తన రివాల్వర్‌ని కూడా అదే తూటాకు తయారు చేసింది. బెల్టు ఒకటే, తుపాకులు రెండు!

వించెస్టర్‌ది లీవర్ రైఫిల్. ట్రిగ్గర్ కింది కడ్డీని కిందికి లాగి, పైకి నొక్కితే కొత్త తూటా ఎక్కుతుంది. ఇందులో ఓ లోపం... ప్రతిసారీ కుడిచెయ్యి ట్రిగ్గర్ వదలాలి. గురీ కాస్త చెదురుతుంది. దానికి పోటీగా 1884లో కోల్ట్ ‘లైట్నింగ్’ని దించింది. అదే పంపు రైఫిల్.

సైకిల్‌కి గాలి కొట్టడం తెలుసుగా. దాదాపు అంతే. గొట్టం కింద ఎడమచెయ్యి పట్టుకునే చెక్కను వెనక్కి లాగితే తలుపు తెరుచుకుని ఖాళీ తూటా బయటికి ఎగురుతుంది. ముందుకు తోస్తే కొత్త తూటా గదిలోకి వెళ్తుంది, తలుపు మూసుకుంటుంది. కుడిచెయ్యి కదలదు. కన్ను గురి మీదే ఉంటుంది. గొట్టం పొడవుని బట్టి 12 నుంచి 15 తూటాలు పడతాయి. శాన్‌ఫ్రాన్సిస్కో పోలీసులు 44-40 రకం లైట్నింగ్ రైఫిళ్లు 400కు పైగా కొన్నారు.

మరి అంత మంచిదైతే ప్రపంచమంతా అదే వాడాలిగా? వాడలేదు. దాని పొట్టలో చిన్న భాగాలు ఎక్కువ. దుమ్ము పడితే పేచీ పెట్టేది. వేడికి గదిలో బిగుసుకున్న ఖాళీ తూటాను పీకడానికి లీవర్‌కున్నంత బలం పంపుకి లేదు. పైగా ట్రిగ్గర్ నొక్కిపట్టి పంపు తోస్తే చాలు, తలుపు మూసుకోగానే పేలిపోయేది! సరదాగా ఉంటుంది కానీ ఏమరుపాటుగా ఉంటే ప్రాణాంతకం. 44-40 తరగతి లైట్నింగ్ తయారీ 1902లో ఆగిపోయింది.

ఎంచుకోవాలంటే...

వందేళ్లు గడిచాక దానికి మళ్లీ రోజులొచ్చాయి. అమెరికాలో 1987లో మొదలైన సింగిల్ యాక్షన్ షూటింగ్ సొసైటీ పోటీల్లో పాల్గొనేవాళ్లు పాతకాలపు వేషం వేసుకుని రెండు రివాల్వర్లు, ఒక షాట్‌గన్, రివాల్వర్ తూటా పేల్చే ఒక రైఫిల్ తెచ్చుకోవాలి. లీవర్‌దైనా, పంపుదైనా సరే. దీంతో ఇటలీ, బ్రెజిల్ కంపెనీలు లైట్నింగ్‌కి నకళ్లు తయారు చేశాయి. టెక్సాస్‌లోనో, అరిజోనాలోనో స్థిరపడిన మనవాళ్లకు అలాంటి సరదా ఉంటే చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది, తూటా. రివాల్వర్ ఏది తింటే రైఫిల్ కూడా అదే తినాలి. లేదంటే ఈ తంతుకి అర్థమే లేదు. 357 మాగ్నమ్ గదిలో 38 స్పెషల్ తూటా పడుతుంది కానీ దానిలో ఇది పట్టదు. అయితే పంపు రైఫిళ్లు తూటా పొడవు విషయంలో మహా పట్టింపు మనుషులు. పొట్టి తూటా వేస్తే మధ్యలో ఇరుక్కోవచ్చు. కొనేముందే పేల్చి చూడాలి.

రెండోది, గొట్టం. అదే తూటా నాలుగు అంగుళాల రివాల్వర్ గొట్టంలోంచి వచ్చినప్పటికంటే రైఫిల్ పొడుగు గొట్టంలోంచి ఎక్కువ వేగంగా వస్తుంది. 357 మాగ్నమ్ అయితే సెకనుకు సుమారు 1250 అడుగుల వేగం 1700 దాటుతుంది. అలాగని ఇది దూరపు గురికి పనికొచ్చేది కాదు. బొద్దుగా, మొద్దుగా ఉండే గుండు వంద గజాలు దాటాక కిందికి వాలడం మొదలెడుతుంది.

మూడోది, గుండు ముక్కు. ఈ రైఫిల్లో తూటాలు గొట్టం కింద ఒకదాని వెనక ఒకటి బారుగా ఉంటాయి. మొన తేలిన గుండైతే ముందున్న తూటా అడుగు మూతను పొడిచి లోపలే పేల్చేసే ప్రమాదం ఉంది. ముక్కు చదునుగా ఉన్నవే వేయాలి.

నాలుగోది, వయసు. నల్లమందు రోజుల్లో పుట్టిన అసలు లైట్నింగ్ చేతికొస్తే దాన్ని గోడకి అలంకరించుకోవడమే మేలు. నేటి తూటాల ఒత్తిడిని ఆ పాత ఇనుము తట్టుకోలేదు.

సర్కారు లెక్క వేరు

కొనేవాడికి సుఖమైనదే పాలించేవాడికి భయం. తన సైనికుడి తూటా తిరుగుబాటుదారు తుపాకీలో ఇమిడితే? ఆ బెంగతోనే బ్రిటిష్ ప్రభుత్వం 1900ల తొలి దశకంలో 450 బోరు రైఫిళ్లు, తూటాలు మన దేశంలోకి రాకుండా నిషేధించింది. పాత మార్టిని-హెన్రీ సైనిక రైఫిళ్లది అదే బోరు మరి. దాంతో దొరల పులివేట కోసం లండన్ తుపాకీ కంపెనీలు 470, 465 అంటూ కొత్త కొలతలు పుట్టించాల్సి వచ్చింది.

ఆ ఆలోచన స్వతంత్ర భారతంలోనూ పోలేదు. 303 రైఫిల్, 9 ఎంఎం, 38, 455 వంటివి మామూలు పౌరుడికి నిషిద్ధ బోర్లు. అందుకే లైసెన్సుదారుల దగ్గర కనిపించేవి 32 రివాల్వర్, 315 రైఫిల్, 12 బోరు తుపాకీ. రివాల్వర్ తూటా రైఫిల్లో పట్టదు. రైఫిల్‌ది రివాల్వర్లో పట్టదు. 1959 నాటి ఆయుధాల చట్టాన్ని 2019లో సవరించి, ఒక్కరి దగ్గర మూడు తుపాకులు ఉండొచ్చన్న పరిమితిని రెండుకు తగ్గించారు. తాతల నాటి తుపాకీ కూడా ఆ లెక్కలోకే వస్తుంది. తూటాలకూ లెక్కే. లైసెన్సు పుస్తకంలో రాసినన్నే కొనాలి. గోదావరి జిల్లాల్లో పాత కుటుంబాల లోగిళ్లలో ఎన్నికలొచ్చాయంటే ముందు గుర్తొచ్చేది స్టేషన్లో డిపాజిట్ చేయాల్సిన తుపాకీయే!

ఆఖరి తూటా

మళ్లీ మన్యానికి వద్దాం. మొదటి మూడు దాడుల తర్వాత సర్కారు మేలుకుంది. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి దగ్గర స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులు రాజు దళం చేతిలో చనిపోయాక మరీ పట్టుదలకు పోయింది. అక్టోబరులో అడ్డతీగల స్టేషన్ మీద దాడి జరిగినా, మొదటి మూడు రోజుల పంట మళ్లీ పండలేదు. ఇటు దళానికి పేల్చిన ప్రతి తూటా తరిగిపోయేదే. అటు సర్కారుకు మలబారు పోలీసులు, ఆ తర్వాత అస్సాం రైఫిల్స్... మనుషులకూ కొదవలేదు, మందుగుండుకూ కొదవలేదు.

1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజుని పట్టుకుని కాల్చి చంపారు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. ఇరవై నెలల కిందట ఆయన ఆయుధాలు పట్టుకెళ్లిన రెండో స్టేషన్ ఉన్న ఊరు అదే.

ఆ 26 కార్బైన్లు ఒక సామ్రాజ్యాన్ని ఇరవై నెలలు నిద్రపోనివ్వలేదు. తూటాల కొరత ఎంత ఉన్నా, తుపాకీ పట్టిన చేతులకి కొదవ రాలేదు మరి!