మొదటి కిస్తీ ఎప్పుడు?

పల్లెల్లో ఆడవాళ్లకు అప్పు దొరికితే చాలు, వ్యాపారం దానంతట అదే నిలబడుతుందని ముప్పై ఏళ్లుగా వింటున్నాం. ఎంత అప్పు ఇచ్చారో, ఎంత వడ్డీ వేశారో అందరూ అడుగుతారు. తిరిగి కట్టడం ఏ రోజున మొదలవుతుందో మాత్రం ఎవరూ అడగరు.

ఊళ్లో ఇద్దరు ఆడవాళ్లు ఒకే రోజున, ఒకే కంపెనీ దగ్గర అప్పు తీసుకున్నారనుకోండి. ఒకామె 20 వేలతో ఇడ్లీ బండి పెట్టింది. ఇంకొకామె 80 వేలతో పాడిగేదెను తోలుకొచ్చింది. ఇద్దరికీ వడ్డీ ఏడాదికి నూటికి 24. వారం తిరిగేసరికి ఇద్దరూ కిస్తీ కట్టాలి.

ఇడ్లీ బండి ఆమె సాయంత్రమే పిండి రుబ్బి పెట్టుకుంటుంది. తెల్లవారి ఐదింటికి పొయ్యి వెలిగిస్తే పది గంటలకల్లా గిన్నెలు ఖాళీ. మినప్పప్పుకు, రవ్వకు, పల్లీలకు, గ్యాసుకు పెట్టిన డబ్బు ఆ పూటకే తిరిగొస్తుంది. పైన రెండు మూడు వందలు మిగులుతాయి. ఏడాదిలో తీర్చే లెక్కన ఆమె వారం కిస్తీ 440 రూపాయల దాకా పడుతుంది. అంటే రెండు రోజుల సంపాదన. కష్టమే, కానీ కట్టుకోగలదు.

గేదె లెక్క వేరు. పూటకు 3 లీటర్ల చొప్పున రోజుకు 6 లీటర్లు ఇస్తుందనుకుందాం. లీటరుకు 50 వచ్చినా రోజుకు 300. దాణా, తవుడు, గడ్డి, మందులు కలిపి అందులో సగం పోతే 150 మిగులు. వారానికి 1,050. రెండేళ్లలో తీర్చే అప్పయితే వారం కిస్తీ 975 దాకా వస్తుంది. పాలిచ్చే ఎనిమిది తొమ్మిది నెలలూ చాకిరీ ఆమెది, డబ్బు కిస్తీది. పాల కేంద్రం వాళ్లు బిల్లు చేసేది పది, పదిహేను రోజులకోసారి. కిస్తీ మాత్రం వారం వారం. అందుకే మధ్యలో వచ్చే వారానికి చేబదులు తప్పదు. ఆ తర్వాత గేదె వట్టిపోతుంది. మళ్లీ ఈనేదాకా నాలుగైదు నెలలు చుక్క పాలుండవు. మేత ఆగదు, కిస్తీ ఆగదు. ఆ నాలుగైదు నెలల కోసం ఆమె రెండో కంపెనీ దగ్గరికి వెళుతుంది. లేదంటే నూటికి ఐదు రూపాయల వడ్డీకి ఇచ్చే మనిషి గడప తొక్కుతుంది. అదీ కుదరకపోతే చూడితో ఉన్న గేదెనే అమ్మేస్తుంది.

ఈ ఇద్దరిలో తెలివితేటలకు ఎవరూ తక్కువ కాదు. ఇద్దరూ కష్టపడతారు. ఒకామె పనికి సరిపోయేలా ఉన్న అప్పును ఇంకొకామె మెడకు తగిలించారు. గ్రామీణ మహిళల వ్యాపారాల గురించి మాట్లాడేటప్పుడు ఈ ఒక్క సంగతి దగ్గర మనం ఎక్కువసేపు ఆగాలని నా అభిప్రాయం.

వెదురు పీటల ఊరి నుంచి

వారం కిస్తీ మన ఊళ్లలో పుట్టింది కాదు. 1976లో బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్ విశ్వవిద్యాలయంలో ఆర్థికశాస్త్రం చెబుతున్న మహమ్మద్ యూనస్, పక్కనే ఉన్న జోబ్రా గ్రామంలో 42 మందికి సొంత జేబులోంచి 27 డాలర్లకు సమానమైన సొమ్ము అప్పుగా ఇచ్చారు. వాళ్లలో వెదురు పీటలు అల్లి బతికే ఆడవాళ్లున్నారు. ఇవాళ వెదురు కొంటే ఇవాళే పీట తయారు, డబ్బు కూడా వెంటనే చేతికొస్తుంది. అలాంటి పనికి కొంచెం కొంచెంగా, వెంట వెంటనే కట్టే పద్ధతి చక్కగా అతికింది. ఆ ప్రయత్నమే 1983లో గ్రామీణ్ బ్యాంకు అయింది. 2006లో ఆ బ్యాంకుకూ యూనస్‌కూ నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. తాకట్టు లేకుండా ఇస్తే పేద ఆడవాళ్లు ఎగ్గొడతారన్న బ్యాంకుల నమ్మకాన్ని వాళ్లు బద్దలుకొట్టారు. అది చాలా పెద్ద పని.

అయితే ఆ నమూనా దేశదేశాలకూ పాకినప్పుడు వారం కిస్తీ కూడా మారకుండా వెంట వచ్చింది. అందులో మొదటి కిస్తీని వెనక్కి జరిపితే ఏమవుతుందో కోల్‌కతాలో ఎరికా ఫీల్డ్, రోహిణి పాండే, మరో ఇద్దరు పరిశోధకులు పరీక్షించారు. కొందరికి మామూలుగా రెండు వారాలకే కిస్తీ మొదలుపెట్టారు. మరికొందరికి రెండు నెలల గడువిచ్చారు. 2013లో వచ్చిన ఫలితాల ప్రకారం, గడువు దొరికిన ఆడవాళ్లు వ్యాపారంలో ఎక్కువ పెట్టుబడి పెట్టారు. మూడేళ్ల తర్వాత చూస్తే వాళ్ల లాభాలు కూడా బాగా ఎక్కువగా ఉన్నాయి. ఎగవేతలు పెరిగిన మాటా నిజమే. అప్పిచ్చే కంపెనీకి వెంటనే మొదలయ్యే కిస్తీ ఎందుకంత ఇష్టమో, తీసుకునే మనిషికి అది ఎందుకు ఇరుకో రెండూ ఆ ఒక్క పరిశోధనలోనే తేలాయి.

రోజుకు రూపాయి

తెలుగు నేల మీద ఇంకో దారి అప్పటికే పడింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. అక్షరాస్యతా కేంద్రాల్లో చదువుకున్న పాఠాలు, అక్కడ కూడిన కూటములు ఆ ఉద్యమానికి ఊపిరి పోశాయి. 1993 అక్టోబరు 1 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా బంద్ అయింది. ఇంటి మగవాడి చేతిలోంచి సారా దుకాణానికి పోయే డబ్బులో రోజుకు రూపాయి పక్కన పెడదామన్న ఆలోచన ఆ ఊపులోనే ‘పొదుపు లక్ష్మి’ అయింది. అంతకు పదేళ్ల ముందు, 1982లోనే కేంద్రం పల్లె ఆడవాళ్ల కోసం డ్వాక్రా పథకం మొదలుపెట్టింది. 1992లో నాబార్డు 500 పొదుపు సంఘాలకు బ్యాంకు అప్పు అందించే లింకేజీని ప్రయోగంగా చేపట్టింది. ఈ మూడూ కలిసి మన దగ్గర డ్వాక్రా సంఘం అన్న మాటను ప్రతి ఇంటికీ చేర్చాయి. ఇవాళ ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 8 లక్షలకు పైగా సంఘాలున్నాయి.

సంఘంలో అప్పు ఎలా పుడుతుందో దగ్గర్నుంచి చూడాలి. వంటలయ్యాక పది పన్నెండు మంది ఎవరి వసారాలోనో, రామాలయం అరుగు మీదో చేరతారు. మధ్యలో రేకు పెట్టె, తీర్మానాల పుస్తకం, పొదుపు పాసు పుస్తకాల కట్ట. పిలిచిన పేరుకల్లా ఒక్కొక్కరు కొంగు ముడి విప్పి నోట్లు పెడతారు. లెక్క సరిపోయాక, ఈసారి అప్పు ఎవరికన్న మాట వస్తుంది. ఒకామె అడుగుతుంది. ఎందుకో చెబుతుంది. అక్కడ దాపరికం కుదరదు. వాళ్లాయన పనికి పోతున్నాడో లేదో, పెద్దమ్మాయి ఫీజు కట్టారో లేదో అందరికీ తెలుసు. “నీ గేదె ఈనేది మాఘంలో కదా వదినా, అప్పటిదాకా వడ్డీ కట్టుకుంటా పో, అసలు సంగతి తర్వాత చూద్దాం” అని ఎవరో అంటారు. మిగతావాళ్లు తలూపితే పుస్తకంలో అదే తీర్మానం. వడ్డీ నూటికి రూపాయో, రెండు రూపాయలో. ఆ వడ్డీ తిరిగి ఆ పెట్టెలోకే పోతుంది కాబట్టి ఏడాది చివర అది అందరి సొమ్మూ అవుతుంది.

గేదె ఎప్పుడు ఈనుతుందో తెలిసిన మనిషి కిస్తీ తేదీ పెట్టడం ఎంత విలువైనదో! పల్లెల్లో సూక్ష్మ రుణం పనిచేసిందంటే దాని మూలం ఇక్కడుంది. పంచసూత్రాలని సంఘాలకు నూరిపోసినవి ఐదే: క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, లోపలి అప్పులు, సకాలంలో చెల్లింపు, సరైన లెక్కలు. ఆరు నెలలు ఇవి సాగితేనే బ్యాంకు మేనేజరు సంఘం మొహం చూసేవాడు. కర్నూలు జిల్లా ఓర్వకల్లులో ఈ పద్ధతిలోనే సంఘాలు మండల సమాఖ్యగా ఎదిగి, దేశం నలుమూలల నుంచీ వచ్చి చూసిపోయే చోటయ్యాయి. 2000లో పుట్టిన పేదరిక నిర్మూలన సంస్థ సెర్ప్, ‘వెలుగు’, తర్వాత ఇందిరా క్రాంతి పథం దాన్నే రాష్ట్రమంతటా పరిచాయి. 2011లో కేంద్రం తెచ్చిన జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ కూడా చాలావరకు ఈ అనుభవం మీదే కట్టింది.

2010

ఆ గట్టి పునాది మీదికే ప్రైవేటు మైక్రో ఫైనాన్స్ కంపెనీలు వచ్చాయి. ఆడవాళ్లు అప్పటికే గుంపులుగా కూడి, సంతకాలు నేర్చుకుని, కిస్తీ కట్టడానికి అలవాటుపడి ఉన్నారు. కంపెనీలకు వెతుక్కోవలసిన పని లేకపోయింది. ఒకే వీధిలో నాలుగైదు కంపెనీలు తిరిగాయి. మాటల్లో వడ్డీ తక్కువే అనిపించేది. 10 వేలిచ్చి, వారానికి 225 చొప్పున 50 వారాలు కట్టమంటే మొత్తం 11,250. అంటే నూటికి పన్నెండున్నరేగా అనుకుంటాం. కానీ మొదటి వారం నుంచే అసలు తిరిగి కడుతున్నారు. ఏడాది పొడుగునా ఆమె దగ్గర సగటున ఉండేది 5 వేల చిల్లరే. నిజంగా పడే వడ్డీ ఏడాదికి నూటికి 25 దాకా ఉంటుంది. ఈ లెక్క ఐదో తరగతి పిల్లలకు నేర్పించవలసినది.

ఒక కంపెనీ కిస్తీ కట్టడానికి ఇంకో కంపెనీ అప్పు, దానికి మూడోది. కట్టలేని ఆమె ఇంటి ముందు కంపెనీ మనిషే కాక తోటి సభ్యులూ కూర్చునేవాళ్లు. కంపెనీ పెట్టే సెంటర్ మీటింగులో అందరి కిస్తీ పడేదాకా ఎవరినీ కదలనిచ్చేవారు కాదు. సంఘంలో ఆసరాగా ఉన్న పక్కింటి వదినే ఇక్కడ వసూలు మనిషైంది. నాకు ఈ కథ మొత్తంలో అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. 2010 ఆగస్టులో హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ షేర్ మార్కెట్‌లోకి వచ్చి 1,600 కోట్లకు పైగా సమీకరించింది. అదే ఏడాది వసూళ్ల వేధింపులతో ఆత్మహత్యలన్న వార్తలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. వారం కిస్తీ వద్దు, నెలకోసారే కట్టించుకోవాలి. ఇంటి మీదికి పోకూడదు, పంచాయతీ ఆఫీసు లాంటి నలుగురూ ఉండే చోటే వసూలు చేయాలి. వడ్డీ అసలును మించకూడదు. చట్టం వచ్చింది, వసూళ్లు కుప్పకూలాయి.

ఆ చట్టాన్ని నేను సమర్థిస్తాను. దాని ఖరీదు కూడా చెప్పాలి. ఇక్కడ దెబ్బతిన్న కంపెనీలు ఇతర రాష్ట్రాల్లోనూ అప్పులు తగ్గించాయి. అలా అప్పులు తగ్గిన జిల్లాల్లో పల్లె కూలి రేట్లు పడిపోయాయని ఎమిలీ బ్రెజా, సింథియా కిన్నన్ అనే ఆర్థికవేత్తలు లెక్కగట్టి చూపించారు. చెడ్డ అప్పు ఆగిపోయిన చోటికి మంచి అప్పు దానంతట అది రాదు. 2011లో సంఘాల ఆడవాళ్లకు అప్పిచ్చే స్త్రీనిధి పెట్టి, 48 గంటల్లో అప్పు అందేలా చూసింది ఆ ఖాళీని పూరించడానికే.

అందరూ వ్యాపారం చేయాలా?

అప్పు తీసుకున్న ప్రతి ఆమే వ్యాపారి అవుతుందనుకోవడం మనం వదిలించుకోవలసిన ఇంకో భ్రమ. హైదరాబాద్ బస్తీల్లో అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో బృందం చేసిన పెద్ద పరిశోధన 2015లో అచ్చయింది. అప్పటికే చిన్న వ్యాపారం ఉన్నవాళ్లు దాన్ని పెంచుకున్నారు. ఇంట్లోకి వస్తువులు కొన్నవాళ్లున్నారు. సగటు కుటుంబం ఖర్చులో పెద్ద మార్పు లేదు, ఇంట్లో ఆడవాళ్ల మాటకు విలువ పెరిగిన దాఖలా కూడా కనిపించలేదు. అది పట్నం లెక్కే అయినా పల్లెకూ వర్తించే హెచ్చరిక ఉంది. ఆసుపత్రికి, కూతురి పెళ్లికి, కాలేజీ ఫీజుకు తీసుకున్న అప్పును మనం ‘వ్యాపార రుణం’ అని రాసుకుంటే, ఆ అప్పు తీరేది వ్యాపారంలోంచి కాదు, కూలి డబ్బుల్లోంచి.

వ్యాపారం నిలిచిన చోటల్లా అప్పుతోపాటు కొనేవాళ్లు కూడా కనిపిస్తారు. పాల కేంద్రం దగ్గరున్న ఊళ్లోనే గేదె బతికిస్తుంది. తెలంగాణ పల్లెల్లో ఇందిరా క్రాంతి పథం (ఐకేపీ) సెంటర్లలో సంఘాల ఆడవాళ్లే వడ్లు తూకం వేసి, తేమ చూసి, కమీషన్ సంపాదించుకుంటున్నారు. అందులో అప్పు పాత్ర చాలా తక్కువ. కిరాణా కొట్టుకు అప్పిచ్చి, ఊరంతా ఉద్దెర పెట్టే సంగతి పట్టించుకోకపోతే ఆ కొట్టు ఏడాది నిలవదు.

ప్రభుత్వాలు వడ్డీ భారం తగ్గించాయి. 2004 తర్వాత పావలా వడ్డీ, 2012 నుంచి సకాలంలో కట్టినవాళ్లకు వడ్డీ లేని రుణం. రెండూ మంచివే. కానీ 2014 ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లో రుణ మాఫీ హామీ వినిపించగానే చాలా సంఘాలు కట్టడం ఆపేశాయి. ఈలోగా బ్యాంకులో వడ్డీ పేరుకుంది. దాన్ని మోసింది మళ్లీ ఆ ఆడవాళ్లే.

కిస్తీ తేదీ సంగతి మీద మాత్రం ఏ పార్టీ మాట్లాడదు. విచిత్రమేమిటంటే నియమం ఉంది. మైక్రో ఫైనాన్స్ మీద వేసిన మాలేగాం కమిటీ నివేదిక తర్వాత, 2011 చివర్లో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశాల్లోనే కిస్తీ వారానికా, పదిహేను రోజులకా, నెలకా అన్నది అప్పు తీసుకునే మనిషి ఇష్టమని ఉంది. 2022 ఏప్రిల్ నుంచి అమలైన కొత్త నియమాలూ ఆ వెసులుబాటు ఉండాలన్నాయి. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబం మీద అన్ని అప్పుల కిస్తీలూ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదన్నాయి. అప్పు పత్రం ఆమెకు అర్థమయ్యే భాషలో ఉండాలన్నాయి. ఇడ్లీ బండామెకు వారం కిస్తీయే నచ్చవచ్చు, అది ఆమె ఇష్టం. గేదె తెచ్చుకునే ఆమె నెల కిస్తీ అడగవచ్చు, వట్టిపోయే నెలల్లో వడ్డీ మటుకే కడతానని బేరం పెట్టవచ్చు. ఆమె ఒక్కతే అడిగితే ఏజెంటు వినడు. గ్రామ సంఘం సమావేశంలో లెక్కలు రాసే వీవోఏ ఆ అప్పు పత్రాన్ని గట్టిగా చదివి, కిస్తీ తేదీల మీద అందరి ముందూ తీర్మానం రాయించి, దాని నకలు చేతికిచ్చి పంపితే వినక తప్పదు. దానికి కొత్త పథకమేమీ అక్కర్లేదు. వచ్చే నెల సమావేశంలోనే మొదలుపెట్టవచ్చు.