థీసిస్ మొత్తం.. మూడే నిమిషాల్లో!

నాలుగైదేళ్లు కష్టపడి చేసిన పీహెచ్‌డీ. చెప్పడానికి మాత్రం మూడే నిమిషాలు. సమయం దాటితే పోటీ నుంచి ఔటే! అదే ‘త్రీ మినిట్ థీసిస్’. 2008లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ మొదలుపెట్టింది. అప్పట్లో అక్కడ కరవు. నీళ్లు ఆదా చేయడానికి జనం మూడు నిమిషాల టైమర్ పెట్టుకుని స్నానం చేసేవారు. ఆలోచన అక్కడ పుట్టిందే.

కదలికల్లేని ఒకే ఒక్క స్లైడ్ చూపించొచ్చు. వీడియోలు, వస్తువులు కుదరవు. వినేవాళ్లకి మీ సబ్జెక్టు తెలియదు. అసలు చిక్కు ఇదే. ల్యాబ్‌లో రోజూ వాడే పదాలు ఇక్కడ పనికిరావు. అలాగని పరిశోధనని మరీ తేలిక చేసి చెప్పినా మార్కులు పోతాయి.

మీరూ పీహెచ్‌డీ చేస్తున్నారా? టైమర్ పెట్టి ముందు అమ్మకి చెప్పి చూడండి. అంతా విని ‘ఇంతకీ నువ్వు చేసేదేంటి?’ అని అడిగిందా.. స్క్రిప్టు మార్చాల్సిందే.