ఊరు విడిచేలోపు ఈ టీకా సంగతి తేల్చుకోండి!

టెక్కలిలో ఇంజినీరింగ్ చివరి ఏడాదిలో ఉన్నారా? పలాసలో డిగ్రీ చదువుతూ రైల్వే, బ్యాంకు, గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతున్నారా? అయితే మీ దగ్గర రెజ్యూమె, సర్టిఫికెట్ల ఫైలు సిద్ధంగానే ఉంటాయి. చిన్నప్పటి టీకాల కార్డు ఎక్కడుందో మాత్రం మీ అమ్మకే తెలియాలి. ఆ కార్డులో లేని టీకా ఒకటుంది.. హెచ్‌పీవీ. 26 ఏళ్లలోపు వేయించుకుంటే దీనివల్ల మేలు ఎక్కువ. అంటే సరిగ్గా మీరు ఉద్యోగాల వేటలో ఉండే వయసు.

కారణం తెలిసిన జబ్బు

జబ్బంటే ఏమిటో ఉద్దానం పిల్లలకు ఒకరు చెప్పక్కర్లేదు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు.. ఏ మండలానికి వెళ్లినా కిడ్నీ బాధితుల ఇళ్లు కనిపిస్తాయి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ఏళ్లుగా పరిశోధనలు జరుగుతున్నా, ఫలానాదే కారణమని గట్టిగా చెప్పగలిగే పరిస్థితి ఇంకా రాలేదు.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అలాంటిది కాదు. దాని కారణం తెలుసు, ఆపే దారీ తెలుసు. హ్యూమన్ పాపిలోమా వైరస్ వల్ల ఈ క్యాన్సర్ వస్తుందని కనిపెట్టిన జర్మన్ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ వచ్చింది. అయినా 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏటా లక్షా ఇరవై వేల మందికి పైగా మహిళలు దీని బారిన పడుతున్నారు. దాదాపు 80 వేల మంది చనిపోతున్నారు.

ఈ వైరస్ లైంగికంగా, చర్మ స్పర్శతో సోకుతుంది. చాలామందిలో ఒకటి రెండేళ్లలో దానంతటదే పోతుంది. కొందరిలో తిష్ఠ వేసి, 15-20 ఏళ్ల తర్వాత క్యాన్సర్‌గా మారుతుంది. ఇందులో 16, 18 రకాలే సుమారు 70 శాతం కేసులకు మూలం. టీకా అడ్డుకునేది వీటినే. ఇప్పటికే సోకిన వైరస్‌ను మాత్రం తగ్గించలేదు. అందుకే ముందుగా వేయించుకోవాలనేది.

అబ్బాయిలూ, ఇది మీకు కూడా! గొంతు, మలద్వార, పురుషాంగ క్యాన్సర్లకూ ఈ వైరస్ కారణమవుతుంది.

ఖమ్మంలో ఏం జరిగింది?

ఇంట్లో అడిగితే ‘ఆ టీకా వేస్తే పిల్లలు చనిపోయారట కదా’ అనవచ్చు. ఆ మాట వెనుక ఒక నిజమైన సంఘటన ఉంది. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో పాత్ అనే అంతర్జాతీయ సంస్థ ప్రాజెక్టు కింద 10-14 ఏళ్ల బాలికలు సుమారు 14 వేల మందికి ఈ టీకా వేశారు. కొందరు బాలికలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని ఆపేసింది. ఆ మరణాలకు టీకా కారణమనే ఆధారం విచారణలో దొరకలేదు. కానీ తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు అంగీకార పత్రాల మీద సంతకాలు చేసినట్టు బయటపడింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుబట్టింది.

ఆ నిలిపివేత మరో చోట ఊహించని ఫలితం ఇచ్చింది. అదే సమయంలో దేశంలో జరుగుతున్న మరో పరిశోధనకూ బ్రేక్ పడి, దాదాపు 5 వేల మంది అమ్మాయిలకు ఒక్క డోసే అందింది. పదేళ్లు గమనిస్తే ఆ ఒక్క డోసూ గట్టిగానే కాపాడుతోందని 2021లో తేలింది. 20 ఏళ్లలోపు వారికి ఒక్క డోసైనా చాలని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పడానికి ఇలాంటి అధ్యయనాలే ఆధారం.

మీరేం చేయాలి?

• డోసులు: సీరం సంస్థ 2023లో విడుదల చేసిన దేశీయ టీకా సెర్వావ్యాక్‌ను 9-26 ఏళ్ల అమ్మాయిలు, అబ్బాయిలు వేయించుకోవచ్చు. 15 దాటితే కంపెనీ షెడ్యూలు మూడు డోసులు: మొదటిది, రెండు నెలలకు, ఆరు నెలలకు. 21 దాటినవారికి ఆరు నెలల తేడాతో రెండు డోసులు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. మీకెన్నో డాక్టర్ చెబుతారు.
• ఖర్చు: ప్రైవేటులో ఈ టీకా డోసు సుమారు రూ.2 వేలు. విదేశీ టీకాలు ఇంకా ఖరీదు. డబ్బు కట్టే ముందు ప్రభుత్వ ఆసుపత్రిలో, ఏఎన్ఎం దగ్గర ఓసారి అడగండి.
• ప్లానింగ్: హైదరాబాద్, బెంగళూరు వెళ్లే పనుంటే తర్వాతి డోసు తేదీని ఫోన్‌లో పెట్టుకోండి. కార్డు ఫొటో తీసి ఉంచుకోండి.
• జాగ్రత్తలు: గర్భిణులు ఆగాలి. అలర్జీలుంటే, రోగ నిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతుంటే ముందే చెప్పండి. సూది తర్వాత 15 నిమిషాలు కూర్చోండి. కొందరికి కళ్లు తిరుగుతాయి.
• అమ్మ సంగతి: 30 దాటినవారికి స్క్రీనింగ్ అవసరం. జీడిపప్పు పరిశ్రమలో రోజంతా పనిచేసే అమ్మకు ఆ తీరిక ఉండదు. మీరే తీసుకెళ్లండి. టీకా వేయించుకున్న మీరూ 30 దాటాక ఈ పరీక్ష మానకూడదు.

ఇందులో ఉద్యోగాలూ ఉన్నాయి

టీకాలను 2-8 డిగ్రీల సెల్సియస్ మధ్య కాపాడే కోల్డ్ చెయిన్‌లో ఫార్మసీ చదివినవాళ్లు, వేసే దగ్గర నర్సింగ్ చేసినవాళ్లు, స్క్రీనింగ్ ల్యాబుల్లో ఎంఎల్‌టీ వాళ్లు కావాలి. బీఫార్మసీ, లైఫ్ సైన్సెస్ విద్యార్థులకు క్లినికల్ రిసెర్చ్ కోఆర్డినేటర్ కొలువు ఒకటుంది. టీకా వేసే ముందు తల్లిదండ్రులకు అర్థమయ్యే తెలుగులో అన్నీ చెప్పి, ఇష్టపడితేనే సంతకం తీసుకోవడం ఆ పనిలో భాగం. ఖమ్మంలో లోపించింది అదే.

సిగ్గుపడి అడక్కుండా ఊరుకోవద్దు. మెడికల్ షాపులో కాదు, డాక్టర్ దగ్గరే అడగండి. ‘నా వయసుకు ఎన్ని డోసులు, ఏ టీకా, ఎంత అవుతుంది?’ ఈ మూడు ప్రశ్నలు చాలు.