నీలిరంగు చెప్పిన రహస్యము

వరంగల్లు సుబేదారిలోని కళాశాల మెట్లు చకచక నెక్కు విద్యార్థి కాలికి క్షణములో అంత బలమెచ్చటిది? కండలో లాక్టిక్ ఆమ్లము పుట్టుటయే కండ ముడుచుకొనుటకు కారణమని 1920 ప్రాంతమున శాస్త్రజ్ఞులు తలచిరి. కండను గూర్చిన పరిశోధనలకే హిల్, మేయర్‌హాఫ్‌లకు 1922వ సంవత్సరపు నోబెల్ బహుమానము లభించినది.

ఈ నమ్మకమును కదల్చినవారిలో భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డులో ఫిస్కెతో కలిసి ఆయన 1925లో భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించెను. ఫాస్ఫేటు మాలిబ్డేటుతో కూడి, క్షయకరణము చెంది నీలిరంగు నిచ్చును. రంగు ఎంత చిక్కనో భాస్వరమంత హెచ్చు.

కండరసమున మాత్రము ఆ రంగు ఆలస్యముగా తేలెను. సులభముగా విడిపోవు ఒక పదార్థమునుండి ఫాస్ఫేటు మెల్లగా వెలువడుటయే అందులకు కారణము. అదియే 1927లో వెల్లడియైన ఫాస్ఫోక్రియాటిన్. కండ పనిచేయునపుడది తరుగును, విశ్రాంతిలో మరల సమకూరును. 1929లో జర్మనీలో లోమన్, హార్వర్డులో ఫిస్కె, సుబ్బారావులు ఎ.టి.పి.ని విడివిడిగా కనుగొనిరి. లాక్టిక్ ఆమ్లము పుట్టకయే కండ ముడుచుకొనగలదని 1930లో లుండ్స్‌గార్డు నిరూపించెను. పాత సిద్ధాంతము వీగిపోయెను.

ఎ.టి.పి. ఫాస్ఫేటును విడుచునపుడు జీవకణమునకు శక్తి లభించును. ఆహారశక్తితో అది మరల నిర్మితమగును. తక్షణపు లోటును ఫాస్ఫోక్రియాటిన్ నిలువ పూడ్చును. వరిమొలకలోను, సూక్ష్మజీవిలోను, మానవునిలోను చెల్లు నాణెము ఎ.టి.పి.యే.

1948లో కన్నుమూసిన సుబ్బారావునకు హార్వర్డులో స్థిరమైన ఆచార్యపదవి దక్కలేదు. అయినను పాఠశాల ప్రయోగశాలకు ఆయన పని ఒక పాఠము మిగిల్చినది. రంగు సకాలమున రానిచో పరీక్షనాళికను పారబోయరాదు. ఎందుకు రాలేదని అడుగవలెను.