తెరమీద తెలుగు ఏమైంది?

చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ అండమాన్‌కు చేరింది 2020 ఆగస్టులో. అంతకుముందు ప్రోతరాపూర్‌లోని తెలుగువారికైనా ఇంటర్నెట్‌కు ఉపగ్రహమే ప్రధానాధారం. అంతసేపు కాచుకుని తెలుగు పత్రిక తెరిస్తే, తెరమీద అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు కనబడితే? 2004లో వచ్చిన ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో కొన్ని పత్రికల గతి అదే!

ఎందుకని? ఆ ఫాంట్లలో తలకట్టు, కొమ్ము, వత్తు వంటి ముక్కలను ఇంగ్లీషు అక్షరాల సంఖ్యలపై కూర్చోబెట్టారు. ఫాంటు ఉంటేనే అవి తెలుగు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 1997 నుంచి ఫాంటును ‘ఇ.ఓ.టి.’ అనే సొంత రూపంలో తనంతట తానే తెచ్చుకునేది. ఆ రూపం ఫైర్‌ఫాక్స్‌కు తెలియదు.

‘పద్మ’ అనే ఉచిత అనుబంధ ప్రోగ్రాం ఫైర్‌ఫాక్స్‌లోనే ఆ ముక్కలను అతికి యూనికోడ్‌గా మార్చేది. యూనికోడ్‌లో ‘అ’ సంఖ్య 3077; ఏ ఫాంటయినా అది ‘అ’యే. ఈ సంఖ్యలు 1991 నుంచే ఉన్నాయి మరి! ఫాంటు దొరకని పాత పేజీలు మాత్రం నేటికీ మార్పిడి కోసం ఎదురుచూడవలసిందే.