ఫోర్ వీల్ డ్రైవ్ వాహనాలలో చప్పుళ్లు: కారణ నిర్ధారణ, మరమ్మతు – పల్నాడు నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఫోర్ వీల్ డ్రైవ్ వాహనాలలో ఇంజను శక్తిని చక్రాలకు చేరవేసే భాగాల నుంచి పుట్టే చప్పుళ్లను గుర్తించి, కారణాన్ని నిర్ధారించి, సరిచేసే పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది. చప్పుడు ఎక్కడ వినిపిస్తోందన్న దానికన్నా, ఎప్పుడు, ఎన్నిసార్లు వినిపిస్తోందన్నదే కారణాన్ని ఎక్కువగా పట్టిస్తుందనీ, తెలుగు అనుకరణ పదాల నిర్మాణంలో ఈ భేదం ఇప్పటికే ఉందనీ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పల్నాడు, ఫోర్ వీల్ డ్రైవ్, ప్రొపెల్లర్ షాఫ్టు, అనుకరణ పదాలు, వృత్తి పదజాలం.

1. ప్రవేశిక:
2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన పల్నాడు జిల్లాలో నేల అంతటా ఒకే తీరుగా ఉండదు. పత్తి, మిరప పండే నల్లరేగడి చేలు, నాగార్జునసాగర్ కుడి కాలువ కట్టలు, పిడుగురాళ్ల సున్నపు బట్టీలు, దాచేపల్లి, మాచర్ల ప్రాంతాల సున్నపురాయి గనులు, నల్లమల అంచున సాగే దారులు ఈ జిల్లాలో ఉన్నాయి. వాన కురిసిన నల్లరేగడిలో వెనుక చక్రాలకు మాత్రమే శక్తి అందే వాహనం తిరిగినచోటే తిరుగుతూ కూరుకుపోతుంది. నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే జీపులు, పికప్ ట్రక్కులు, ట్రాక్టర్ల అవసరం అక్కడే తెలుస్తుంది.

ఈ వాహనాలు తెలుగు నేలకు కొత్తవి కావు. స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్లలోనే మహీంద్రా సంస్థ బొంబాయిలో విల్లీస్ జీపులను కూర్చి అమ్మింది. 2016లో శ్రీసిటీలో ప్రారంభమైన ఇసుజు కర్మాగారం నుంచి ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ ట్రక్కులు వెలువడుతున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లోనే తయారవుతున్న ఇటువంటి వాహనానికి వచ్చే లోపాలను తెలుగులో వివరించే రచనలు మాత్రం అరుదు.

చప్పుడును సరిగా అర్థం చేసుకోకపోతే రెండు నష్టాలున్నాయి. మొదటిది, బాగున్న భాగాన్ని మార్చి డబ్బు పోగొట్టుకోవడం. రెండవది ప్రాణాపాయం. అరిగిన జాయింట్ విడిపోతే ప్రొపెల్లర్ షాఫ్టు రోడ్డు మీద పడుతుంది. పాత జీపులలో చేతిబ్రేకు ట్రాన్స్‌ఫర్ కేసు వెనుక, షాఫ్టు మీదే పనిచేస్తుంది. అటువంటి వాహనంలో వెనుక షాఫ్టు ఊడిందంటే చేతిబ్రేకు కూడా పోయినట్లే.

2. శక్తి ప్రయాణించే మార్గం:
ఇంజను శక్తి క్లచ్, గేరుబాక్సు దాటి ట్రాన్స్‌ఫర్ కేసును చేరుతుంది. అక్కడ రెండు పాయలుగా చీలి, ముందు, వెనుక ప్రొపెల్లర్ షాఫ్టుల ద్వారా రెండు డిఫరెన్షియల్ హౌసింగులకు, వాటి నుంచి యాక్సిల్ షాఫ్టుల ద్వారా చక్రాలకు అందుతుంది. షాఫ్టు చివరల్లో నాలుగు కొమ్ముల క్రాసుతో కూడిన యూనివర్సల్ జాయింట్లు ఉంటాయి. వాహనం ఎగిరిపడినప్పుడు షాఫ్టు పొడవు మారడానికి వీలుగా ఒకదానిలో ఒకటి జారే గాడులు, అంటే స్ప్లైన్లు, ఉంటాయి.

ఈ మార్గంలో ప్రతి కలయిక దగ్గరా కొంత వదులు ఉంటుంది. దీనినే మెకానిక్కులు ‘ప్లే’ అంటారు. గేరు పళ్ల మధ్య నూనె నిలవాలన్నా, వేడికి లోహం వ్యాకోచించాలన్నా ఈ వదులు కొద్దిగా అవసరం. అరుగుదల వల్ల అది పెరిగినప్పుడే చప్పుడు పుడుతుంది. ఫోర్ వీల్ డ్రైవ్‌లో షాఫ్టులు, జాయింట్లు, హౌసింగులు రెండేసి ఉండడంతో వదులు చేరే చోట్లూ, అనుమానించవలసిన చోట్లూ పెరుగుతాయి.

3. చప్పుళ్లలో మూడు రకాలు:
3.1 ఒక్కసారి వినిపించేది: క్లచ్ వదిలినప్పుడు, యాక్సిలరేటర్ నొక్కినప్పుడు లేదా వదిలినప్పుడు, ముందుకూ వెనక్కూ గేరు మార్చినప్పుడు ‘ధన్’మని ఒక్క దెబ్బ వినిపిస్తుంది. శక్తి దిశ మారినప్పుడు మార్గంలోని వదులంతా ఒక్కసారిగా బిగుసుకోవడమే దీనికి కారణం. యూనివర్సల్ జాయింట్ క్రాసులు, స్ప్లైన్లు, డిఫరెన్షియల్‌లోని క్రౌన్-పినియన్ జత, యాక్సిల్ స్ప్లైన్లు, ఇంజను, గేరుబాక్సుల కింది రబ్బరు మౌంటింగులు దీనికి స్థానాలు కావచ్చు. వాహనం ఆగినప్పుడో, ఆగి కదిలినప్పుడో మాత్రమే ఒక దెబ్బ వినిపిస్తే, గ్రీజు ఎండిన స్ప్లైన్లు పట్టుకుని ఒక్కసారిగా జారడాన్ని మొదట అనుమానించాలి.

3.2 లెక్కపెట్టగలిగేలా పదేపదే వినిపించేది: ‘టకటక’మనే ఈ చప్పుడు తిరిగే భాగం నుంచి వస్తుంది. వాహన వేగంతోపాటు దీని వేగమూ మారుతుంది. స్టీరింగును పూర్తిగా తిప్పినప్పుడు మాత్రమే వినిపిస్తే ముందు చక్రాల దగ్గరి జాయింట్లను చూడాలి.

3.3 ఎడతెగక సాగేది: ‘గరగర’మనే రాపిడి గాని, హోరు గాని బేరింగుల అరుగుదలను, గేరు పళ్ల పొందిక చెడడాన్ని, నూనె తగ్గడాన్ని సూచిస్తుంది. ఇలా నడిచే వాహనంలో మొదట హౌసింగుల, ట్రాన్స్‌ఫర్ కేసు నూనె మట్టం చూడాలి.

4. నిర్ధారణ పద్ధతి:
4.1 నడక వేగంలో లెక్క: చక్రం చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు, హౌసింగులో గేరు నిష్పత్తి సుమారు 4 అనుకుందాం. వాహనం గంటకు 3.6 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు ఒక మీటరు చొప్పున నడిస్తే, చక్రం ఒక చుట్టు తిరగడానికి రెండు సెకన్లకు పైగా పడుతుంది. అదే వ్యవధిలో షాఫ్టు నాలుగు చుట్లు తిరుగుతుంది. వాహనం పక్కన నడిచే మనిషి చక్రం మీద సుద్దతో గీసిన గుర్తును చూస్తూ చప్పుళ్లను లెక్కపెట్టవచ్చు. చక్రం చుట్టుకు ఒక్కటి వస్తే చక్రం లేదా యాక్సిల్ వైపు, సుమారు నాలుగు వస్తే షాఫ్టు వైపు వెతకాలి. గంటకు 36 కిలోమీటర్ల వేగంలో షాఫ్టు సెకనుకు 18 చుట్లు తిరుగుతుంది కనుక ఆ లెక్క చెవికి అందదు.

4.2 చేతితో పరీక్ష: వాహనాన్ని సమతలంపై నిలిపి, ఇంజను ఆపి, చక్రాలకు ముందూ వెనుకా రాళ్లో దుంగలో అడ్డుపెట్టాలి. ట్రాన్స్‌ఫర్ కేసు న్యూట్రల్‌లో ఉంటే గేరుబాక్సులో ఏ గేరు ఉన్నా వాహనం నిలబడదు కనుక అడ్డు పెట్టకుండా కిందికి దూరకూడదు. తరువాత షాఫ్టును చేతితో అటూ ఇటూ తిప్పి చూడాలి. జాయింట్‌కు ఒక వైపు కదిలాక రెండవ వైపు ఆలస్యంగా కదిలితే లోపం ఆ క్రాసుదే. రెండు వైపులూ కలిసి కదులుతూ, చక్రం మాత్రం కదలకుండా షాఫ్టు చాలా దూరం తిరిగితే వదులు హౌసింగు లోపల ఉంది. గేరు నిష్పత్తి వల్ల చక్రం వైపు ఒక డిగ్రీ వదులు షాఫ్టు వద్ద నాలుగు డిగ్రీలుగా కనిపిస్తుందని గుర్తుంచుకోవాలి. లేకపోతే బాగున్న హౌసింగును విప్పవలసి వస్తుంది.

4.3 వేరుచేసి చూడడం: టూ వీల్ డ్రైవ్‌లోనూ ఫోర్ వీల్ డ్రైవ్‌లోనూ ఒకే దారిలో నడిపి పోల్చాలి. అనుమానం తీరకపోతే ముందు షాఫ్టును విప్పి, టూ వీల్ డ్రైవ్‌లో నడపాలి. చప్పుడు మాయమైతే కారణం ముందు సగంలో ఉన్నట్లు తేలుతుంది.

4.4 చోదక మార్గానికి వెలుపలి కారణాలు: రాళ్లు, సున్నం వంటి అధిక బరువులు మోసే వాహనాలలో కమాను కట్టలను యాక్సిల్‌కు బిగించే యు-బోల్టులు వదులవుతాయి, బుష్షులు అరుగుతాయి. వీటివల్ల యాక్సిల్ ముందుకూ వెనక్కూ జరిగి, వాహనం కదిలేటప్పుడు షాఫ్టు చప్పుడును పోలిన దెబ్బే వినిపిస్తుంది. స్పానరుతో క్షణాలలో తేలే ఈ సంగతిని షాఫ్టు విప్పకముందే చూడడం మేలు.

5. లోపం కాని చప్పుడు:
మధ్యలో డిఫరెన్షియల్ లేని పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్ వాహనాలలో ముందు, వెనుక షాఫ్టులు ఒకే వేగంతో తిరగక తప్పదు. మలుపులో మాత్రం ముందు చక్రాలు వెనుక చక్రాలకన్నా ఎక్కువ దూరం నడుస్తాయి. ఈ తేడా షాఫ్టులలో మెలిగా పేరుకుంటుంది. బురదలో టైరు జారడంతో ఆ మెలి తీరిపోతుంది. చేను దాటి పొడి తారురోడ్డు ఎక్కాక కూడా లివరును వెనక్కి వేయకపోతే మెలి తీరే దారి ఉండదు. స్టీరింగు బరువెక్కుతుంది, లివరు కదలదు, చివరకు టైరు ఎగిరి పెద్ద దెబ్బ వినిపిస్తుంది. వాహనాన్ని తిన్నగా కొద్ది దూరం వెనక్కి నడిపితే మెలి వదులై లివరు టూ వీల్ డ్రైవ్‌కు వస్తుంది. ఇక్కడ మార్చవలసిన భాగమేదీ లేదు. అలవాటు మారకపోతే మాత్రం ట్రాన్స్‌ఫర్ కేసు, జాయింట్లు త్వరగా అరిగి, లేని లోపం నిజంగానే వస్తుంది.

6. మరమ్మతులో పాటించవలసినవి:
షాఫ్టును విప్పేముందు షాఫ్టుకూ ఫ్లాంజ్‌కూ కలిపి గుర్తు గీయాలి. స్ప్లైన్ల దగ్గర కూడా అలాగే చేయాలి. దీని వెనుక ఒక సూత్రం ఉంది. వంపుతో తిరిగే యూనివర్సల్ జాయింట్ వేగాన్ని సమంగా అందించదు. 20 డిగ్రీల వంపులో అవతలి షాఫ్టు వేగం ప్రతి చుట్టులో రెండుసార్లు సుమారు 6 శాతం పెరుగుతూ, తగ్గుతూ ఉంటుంది. రెండవ చివర ఉన్న జాయింట్ ఈ హెచ్చుతగ్గులను సరిచేయాలంటే రెండు వంపులూ సమానంగా, షాఫ్టు రెండు చివరల యోకులు ఒకే వరుసలో ఉండాలి. గాడి తప్పించి బిగిస్తే కొత్త క్రాసులు వేసినా వాహనం అదురుతుంది. చప్పుడు పోయి అదురు వచ్చిన సందర్భాలలో మొదట పరిశీలించవలసింది ఇదే.

గ్రీజు పెట్టే వీలున్న క్రాసులో నాలుగు కప్పుల నుంచీ పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొత్తది ఎక్కించాలి. ఒక కప్పు నుంచి రాకపోయినా ఆ కొమ్ము ఎండిపోయినట్లే. క్రౌన్-పినియన్ మధ్య వదులును డయల్ గేజితో కొలిచి, తయారీదారు చెప్పిన హద్దులో ఉంచాలి. చప్పుడు పూర్తిగా పోవాలని ఆ వదులును లేకుండా బిగిస్తే నూనె నిలవక పళ్లు కాలిపోతాయి.

7. అనుకరణ పదాలు – నిర్ధారణ:
పై మూడు రకాలకు తెలుగు అనుకరణ పదాల తీరుతో పొంతన ఉంది. ‘టక్కున’, ‘ధన్‌మని’ వంటి ఒంటి రూపాలు ఒక్కసారి జరిగే క్రియను చెబుతాయి. ‘టకటక’ వంటి ద్విరుక్త రూపాలు ఆవృత్తిని చెబుతాయి. ద్విరుక్తాలలోనూ ఒక ధోరణి కనిపిస్తుంది. ‘టకటక’, ‘పటపట’ వంటి వాటిలో స్పర్శాక్షరాలే ఉండి, చప్పుడుకూ చప్పుడుకూ మధ్య విరామం స్ఫురిస్తుంది. ‘గరగర’, ‘జరజర’, ‘బరబర’ వంటి వాటిలో రేఫం చేరి విరామం లేని రాపిడి స్ఫురిస్తుంది. ఇది నియమం కాకపోయినా గమనించదగిన ధోరణి. అనుకరణ పదాలు భారతీయ భాషా ప్రాంతపు ఉమ్మడి లక్షణమని ఎమెనో 1969లోనే నిరూపించాడు. ఆ లక్షణం వృత్తిలో సమాచారాన్ని మోసే సాధనం కూడా కాగలదని ఈ పరిశీలన సూచిస్తుంది.

వాహన యజమాని ‘చప్పుడొస్తోంది’ అన్నప్పుడు మెకానిక్కుకు తెలిసేది చాలా తక్కువ. ‘క్లచ్ వదలగానే ధన్‌మంటోంది’ అన్నప్పుడు సగం నిర్ధారణ పూర్తవుతుంది. ఒకే చప్పుడును ఇద్దరు రెండు విధాలుగా అనుకరించవచ్చు కనుక పదం ఒక్కటే చాలదు. సందర్భాన్ని చెప్పే మాట దానికి తోడు కావాలి.

8. ముగింపు:
భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన వ్యవసాయ పదాల సంపుటితో మొదలైన మాండలిక వృత్తి పదకోశం రైతు పనిముట్లకు శాస్త్రీయమైన నమోదును ఇచ్చింది. అదే రైతు ఇప్పుడు నడిపే ట్రాక్టరుకూ, పికప్‌కూ సంబంధించిన పదజాలానికి కూడా అటువంటి నమోదు అవసరం. క్రాసు, హౌసింగు, ప్లే వంటి ఎరువు మాటలను సేకరించడంతో ఆ పని ముగియదు. ఆ భాగాలు చెడినప్పుడు పలికే చప్పుళ్లకు వాడే మాటలను, అవి వినిపించే సందర్భాలతో సహా సేకరించాలి. నరసరావుపేట, మాచర్ల, గురజాలలలోని వర్క్‌షాపులలో క్షేత్రపరిశీలన చేసే పరిశోధకులు ప్రతి పదానికీ మూడు ప్రశ్నలు జోడించవచ్చు: ఆ చప్పుడు ఎప్పుడు వస్తుంది? ఎన్నిసార్లు వస్తుంది? ఏ భాగం మార్చితే ఆగుతుంది? ఈ మూడింటికీ సమాధానాలు చేరిన ఆరోపం నిఘంటుకర్తకూ, వాహనం కింద పడుకుని పనిచేసే మెకానిక్కుకూ ఒకేలా ఉపయోగపడుతుంది.